ఆకలి నేర్చిన కవల

ఇలా జరగండి, ఇంకాస్త దగ్గరికి. గొంతు పెంచి చెబితే కథ పలచబడుతుంది. ఇది కత్తులూ గుర్రాలూ ఉన్న కథ కాదు. ఒక పెద్ద కంపెనీ కథ, అందులో పనిచేసే ఒక కోడలి కథ, ఆమె మధ్యాహ్నం డబ్బా కథ. డబ్బాలో ఏముందిలే అనుకోకండి. ఒక యంత్రం పరువూ ఒక మనిషి పెత్తనమూ డబ్బా మూత మీద నిలబడ్డ రోజు ఒకటుంది.

ఆ కంపెనీ ఎంత పెద్దదంటే, ఒక గేటులోంచి లోపలికి పోయేవాళ్ళు ఇంకో గేటులోంచి వచ్చేవాళ్ళ ముఖం ఉద్యోగం విరమించేదాకా చూడకపోవచ్చు. లోపల తిరగడానికి వాళ్ళకు బస్సులున్నాయి. మెడలో కార్డు లేకపోతే సొంత కుర్చీ దగ్గరికి కూడా పోనివ్వరు. కార్డు ఇంట్లో మరిచిపోయిన రోజు, తల నెరిసిన ఉద్యోగి కూడా చుట్టపుచూపుగా వచ్చినవాడిలా గేటు దగ్గర సంతకం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. వాళ్ళు చేసేది మనం సంచీ పట్టుకుపోయి కొనుక్కునే సరుకు కాదు. ఫ్యాక్టరీలు నడవడానికి కావలసిన యంత్రాలు చేసి ఫ్యాక్టరీలకే అమ్ముతారు. అందులో కంప్రెసర్ అని ఒకటుంది. వాయువును పీల్చి, అణిచి, ఎక్కడో దూరాన ఉన్న ఊరిదాకా గొట్టాల్లోకి తోస్తుంది. ఒక్కొక్కటీ చిన్న ఇల్లంత ఉంటుంది. దాని నడుమ ఒక ఇరుసు, ఆ ఇరుసును రెండు చివర్లా మోసే గూళ్ళు. ఆ గూటిని బేరింగు అంటారు. ఇరుసు తిరిగినకొద్దీ గూడు వేడెక్కుతుంది. వేడి హద్దులో ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు, హద్దు దాటితే జ్వరం వచ్చినట్టు. ఈ కథకు ఈ మాత్రం యంత్రజ్ఞానం చాలు.

అంత పెద్ద సంసారంలో రెండు పొయ్యిలుండేవి. అద్దాల మేడలో తెరల ముందు కూర్చుని లెక్కలు కట్టేవాళ్ళు ఒక పొయ్యి. వాళ్ళు పైవాళ్ళు. షెడ్డులో యంత్రాన్ని బిగించి, నడిపి, పరీక్షించి పంపేవాళ్ళు ఇంకో పొయ్యి. వీళ్ళు కిందివాళ్ళు. రెండింటి మధ్యా దూరం ఒక రోడ్డు, ఒక పూలమొక్కల వరస. కాని మాటల దూరం చూస్తే వియ్యాలవారి మధ్య పెళ్ళైన మర్నాడు ఉండేంత. పైవాళ్ళు ఎడ్డెమంటే కిందివాళ్ళు తెడ్డెం. వాళ్ళ చేతులకు నూనె అంటదని వీళ్ళు, వీళ్ళ చెవులకు మాట అంటదని వాళ్ళు. ఎదురుపడితే మాత్రం నవ్వుకునేవారు, అదీ పళ్ళదాకానే.

ఇప్పుడు కోడలి సంగతి. ఆమె చదువుకున్న ఇంజనీరు. ఏళ్ళ తరబడి పైమేడలో తెరల ముందు పనిచేసింది. తరవాత పైనా కిందా తెలిసినవాళ్ళొకరు పరీక్షల షెడ్డుకు పెద్దగా ఉంటే బాగుంటుందని మేనేజరుకు తోచి, ఆమెను కిందికి పంపాడు. వచ్చిన మొదటిరోజే షెడ్డు మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూసి, మెరుస్తున్న కొత్త బూట్లు చూసి, అవతలింటి పిల్ల మన ఇంటికొచ్చింది కదా, కోడలమ్మే అన్నాడట. ఆ పేరు అంటుకుంది. పైవాళ్ళేమో, అప్పగింతలు పెట్టి పంపిన పిల్ల, అప్పుడప్పుడూ పుట్టింటికి రావమ్మా అనేవారు. ఇంట్లో ఎలాగూ అత్తగారున్నారు. ఇంట్లోనూ కోడలే, షెడ్డులోనూ కోడలే. ఇక తప్పించుకునే చోటేదీ లేదు. మొగుడున్నాడంటే, ఆయనదీ అదే కంపెనీ, చివరి గేటు. పగలు ఒకరికొకరు పరాయివాళ్ళే.

ఆ పెత్తనం ఆమెకు ఊరికే రాలేదు, ఊరికే నిలవదు కూడా. మేనేజరు మొహమాటం లేకుండా చెప్పాడు. కొనేవాళ్ళ మనిషి వచ్చి ఎదురుగా నిలబడి చూసే పరీక్ష ఒకటి ఆమె చేతి మీదుగా గట్టెక్కితే షెడ్డు ఆమెది. మధ్యలో ఆగిపోతే పాత పద్ధతే మేలని పైవాళ్ళు అంటారు, కిందివాళ్ళు కాదనరు, ఆమె మళ్ళీ అద్దాల మేడకే. ఆమెకేమో షెడ్డు మీద మనసు పడిపోయింది. తెర మీద గీతగా చూసిన యంత్రాన్ని పక్కన నిలబడి వినడం, కాళ్ళ కింద నేలలోంచి దాని గుండె చప్పుడు తెలియడం, అది రుచి మరిగినవాళ్ళకే తెలుస్తుంది. వెనక్కి పోయేదాన్ని కాను అని అత్తగారితో ఒకసారి గట్టిగానే అంది. పోవద్దులే, ముందు అన్నం తిను అన్నారు అత్తగారు. ఆవిడకు లోకంలో ఏ సమస్యకైనా అదే మొదటి మందు.

ఇక కవల సంగతి చెప్పాలి. లేకపోతే మీకు కథ అందదు. ఆ కంపెనీవాళ్ళు యంత్రాన్ని ఒంటరిగా అమ్మడం మానేశారు. ప్రతి యంత్రానికీ కంప్యూటర్లో ఒక జోడు తయారుచేసి, రెండూ కలిపి అమ్ముతారు. దాన్ని కవల అంటారు. ఇక్కడ ఉక్కు యంత్రం తిరుగుతుంటే అక్కడ తెర మీద కవల తిరుగుతుంటుంది. దీనికి ఇంత వేడి ఉండాలి, ఇంత ఊపు, అంటే అదురు, ఉండాలి అని కవల ముందే చెబుతుంది. ఇద్దరి మాటా ఒకటైతే పచ్చదీపం. మాట తేడా వస్తే పసుపుదీపం. అప్పుడు పరీక్ష నడిపే పెద్ద కారణం చెప్పాలి. గడువులోగా చెప్పలేకపోతే యంత్రాన్ని ఆపాలి. బాగానే ఉందిలెండి, ఏదో అలా వెలిగింది అనే మాట అక్కడ చెల్లదు. అది మంచి నియమమే. ఎవరో పెద్ద మనసుతో పెట్టిన నియమం. యంత్రం తన నొప్పి నోటితో చెప్పలేదు కదా.

ఆ కవలను పెంచింది పైమేడలో లెక్కలమ్మ. అసలు పేరు అందరూ మరిచిపోయారు. కాగితం మీద దుమ్ము పడినా బరువు కట్టి చెప్పే మనిషి. కోడలికి పాత స్నేహితురాలు. భోజనం మాత్రం తెర ముందే, ఒక చేత్తో. షెడ్డులోకి ఆమె ఎన్నడూ దిగలేదు. దిగాలని ఎవరూ పిలవలేదు కూడా.

షెడ్డులో ఒక అలవాటుండేది. ఎప్పటి నుంచి అంటే మేస్త్రీ కూడా, నేనొచ్చేసరికే ఉంది అంటాడు. ఎండలకు తిండి పాడవకుండా అందరూ పొద్దున్నే డబ్బాలు ఫ్రిజ్‌లో పెట్టేవారు. మధ్యాహ్నమయ్యేసరికి అవి రాళ్ళలా చల్లబడేవి. అప్పుడు పరీక్షలో తిరుగుతున్న యంత్రం బేరింగు గూటి మీద, బల్లలా చదునుగా ఉండే ఆ మూత మీద, డబ్బాలన్నీ వరసగా పేర్చేవారు. కాసేపటికి అన్నం పొగలు కక్కేది. యంత్రం మీద ఏ వస్తువూ పెట్టరాదు అని గోడకు పెద్ద బోర్డుంది. ఆ బోర్డు మేకుకే మేస్త్రీ తన టోపీ తగిలించేవాడు, సరిగ్గా ఆ వేళకు అక్షరాలు కనపడకుండా.

కోడలు వచ్చిన కొత్తలో ఇదేమిటని అడిగింది. మేస్త్రీ వాదించలేదు. ఆమె డబ్బా కూడా తీసుకుపోయి ఆ వరసలో పెట్టాడు. ఆ మధ్యాహ్నం ఎన్నేళ్ళ తరవాతో ఆఫీసులో వేడి అన్నం తిన్న కోడలు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆకలి రుచెరగదంటారు కాని, ఆకలి నియమం కూడా ఎరగదు. పైగా మేస్త్రీకి అందులో ఒక గర్వముంది. డబ్బా ఒక్కటీ కదలదు, మూత చప్పుడు చెయ్యదు. మా యంత్రం కడుపులో చల్ల కదలకుండా తిరుగుతుందమ్మా అనేవాడు. అదే వాడి పరీక్ష, మిగతావన్నీ కంపెనీ పరీక్షలు.

ఇప్పుడు చెప్పే యంత్రం షెడ్డులో వారాల తరబడి తిరిగింది. దాన్ని చూసి కవల నేర్చుకుంటోంది. మొదట్లో అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. రోజూ మధ్యాహ్నం ఒక బేరింగు వేడి కాస్త తగ్గి, మళ్ళీ పెరిగేది. కవల తగ్గదంటుంది, యంత్రం తగ్గుతుంది. లెక్కలమ్మకు నిద్రపట్టలేదు. చివరికి కోడలికి ఫోన్ చేసి, ఆ వేళకు షెడ్డులో ఏమైనా మారుతుందా అని అడిగింది. కోడలు నిజమే చెప్పింది. యంత్రంలో ఏమీ మారదు, మనుషులం మాత్రం భోజనానికి కూర్చుంటాం అంది. అలాగా, అప్పుడు పెద్ద తలుపులు తీస్తారేమో, గాలి తగులుతుందేమో అంది లెక్కలమ్మ. తీస్తాం అంది కోడలు. ఇద్దరికీ తృప్తి కలిగింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఫోను మాట్లాడుతున్నప్పుడు కోడలి కళ్ళముందే డబ్బాలు వరసగా ఉన్నాయి, అందులో తనదీ ఉంది. కళ్ళకు అలవాటైన వస్తువు కనపడదు మరి.

లెక్కలమ్మ కవలకు ఆ మధ్యాహ్నపు చల్లదనం కూడా నేర్పింది. పైమేడలో దానికి ఒక గంభీరమైన పేరు పెట్టారు, బొమ్మలు గీసి మీటింగులో చూపించారు. అందరూ తలలూపారు. ఆ రోజు నుంచి కవల కూడా మధ్యాహ్నం వేళకు చల్లబడేది. మరోలా చెప్పాలంటే, దానికి ఆకలి వేళ తెలిసింది.

అసలు పరీక్ష రోజు వచ్చింది. పొద్దున్నే అత్తగారు డబ్బా కడుతుంటే, ఈ రోజు డబ్బా వద్దు అత్తయ్యా, అందరికీ చెప్పేశాను, యంత్రం మీద ఏమీ ఉండకూడదు, బయటివాళ్ళొస్తున్నారు అంది కోడలు. నిజంగానే ముందురోజు షెడ్డంతా కడిగించింది. మేస్త్రీ టోపీ బోర్డు మీద నుంచి తీయించింది. డబ్బాలు ఫ్రిజ్ దాటి రాకూడదని గట్టిగా చెప్పింది. అత్తగారు వినిపించుకోనట్టే మూత బిగించి, సంచీలో కుక్కారు.

"వేడి లేకపోతే చల్లదే తిను. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ళకి బుర్ర పనిచెయ్యదే అమ్మాయ్. యంత్రానికి మాత్రం నూనె పొయ్యకుండా నడుపుతారా మీరు?"

కొనేవాళ్ళ తరఫున వచ్చినాయన పొడుగాటి మనిషి. నవ్వు ఆయన ముఖం దాకా వచ్చి తలుపు కొట్టి తిరిగిపోయే రకం. వచ్చీ రాగానే ఆయన టీ వద్దన్నాడు, కుర్చీ వద్దన్నాడు, యంత్రం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. షెడ్డులో ఆయనకు తనిఖీ ఆయన అనే పేరు అప్పటికప్పుడే పడింది. మేనేజరు ఆయన పక్కనే ఒంటికాలి మీద ఉన్నాడు. లెక్కలమ్మ కూడా కవలను చూపించడానికి, మొట్టమొదటిసారి, షెడ్డులోకి దిగింది. చెవులకు రక్షణగా ఇచ్చిన బిరడాలు ఎలా పెట్టుకోవాలో మేస్త్రీ ఆమెకు చూపించాల్సొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు వియ్యాలవారిని చూసినట్టే చూసుకున్నారు.

కోడలు యంత్రాన్ని లేపింది. మొదట నిట్టూర్పు, తరవాత మూలుగు, తరవాత ఒకే శ్రుతి. తెర మీద కవల కూడా లేచింది. పచ్చదీపం. తనిఖీ ఆయన అడిగిన ప్రతిదానికీ ఆమె తడుముకోకుండా జవాబిచ్చింది. ఊపు ఎంత, నూనె ఒత్తిడి ఎంత, చల్లబరిచే నీళ్ళు ఎంత. మేనేజరు రెండు కాళ్ళ మీదికి వచ్చాడు. పొద్దు నడినెత్తికెక్కింది. ఎవరూ డబ్బా తియ్యలేదు, ఎవరూ కూర్చోలేదు.

అప్పుడు పసుపుదీపం వెలిగింది.

బేరింగు వేడి తగ్గాలి అంటోంది కవల. యంత్రం మాత్రం తగ్గకుండా ఎప్పటిలాగే ఉంది. ఇద్దరి మధ్యా ఎడం పెరుగుతోంది. లెక్కలమ్మ ముఖం పాలిపోయింది. రోజూ తగ్గేది ఇవాళ తగ్గలేదంటే లోపల ఏదో రాపిడి పుడుతోంది, ఆపెయ్యాలి అంది. మేస్త్రీకి ఎక్కడో కాలింది. చెయ్యి పెట్టి చూడండి, యంత్రం పసిపాపలా ఉంది, జ్వరమొచ్చింది ఈ తెరకే అన్నాడు. ఒకరు యంత్రం తరఫు, ఒకరు కవల తరఫు. పెళ్ళి పందిట్లో పీటల మీద పంతాలు పోయినట్టు పోతున్నారు. తనిఖీ ఆయన ఇద్దరినీ చూడలేదు. కోడలినే చూశాడు.

"కారణం చెబుతారా, ఆపుతారా?" అన్నాడు.

గడువు ఎక్కువ లేదు. ఆపితే యంత్రం చల్లారి, మళ్ళీ లేచి, మళ్ళీ పరీక్ష మొదలయ్యేసరికి దాన్ని కొన్నవాళ్ళ దగ్గరికి తీసుకుపోవలసిన ఓడ వెళ్ళిపోతుంది. షెడ్డు కూడా ఆమె చేతిలోంచి పోతుంది. ఆపకపోతే, లోపల నిజంగానే రాపిడి ఉంటే, ఇరుసు గూటిని నమిలేస్తుంది. కోడలు భయపడలేదని చెప్పను. కాని భయపడుతూనే పని చేసుకుపోయేవాళ్ళుంటారు, ఆమె ఆ జాతి. మొదట యంత్రం దగ్గరికి వెళ్ళింది. గూటిలోంచి తిరిగొచ్చే నూనె వేడి చూసింది, మారలేదు. ఊపు చూసింది, గీత గీసినట్టుంది. చెయ్యి పక్కనున్న రేకు మీద ఆనించి విన్నది. జబ్బు యంత్రానిది కాదు. అంతవరకూ ఆమెకు గట్టిగా తెలిసింది. మరి రోజూ ఎందుకు చల్లబడింది? ఇవాళ ఎందుకు చల్లబడలేదు? ఇవాళ ఏం మారింది? తలుపులు రోజూలాగే తీసి ఉన్నాయి, గాలి రోజూలాగే వస్తోంది. కాబట్టి గాలి కాదు.

ఆ ఆలోచనలో ఉండగా ఆమె కడుపు గుర్రుమంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా. అత్తగారి మాట చెవిలో పడ్డట్టయింది. వేడి లేకపోతే చల్లదే తిను.

ఆమె కళ్ళు బేరింగు గూటి మీదికి వెళ్ళాయి. శుభ్రంగా, తళతళలాడుతూ, ఖాళీగా ఉంది ఆ మూత. తనే తుడిపించింది. వేడిని కొలిచే ముల్లు ఎక్కడుందో ఆమెకు తెలుసు, సరిగ్గా ఆ మూత కింద. పైమేడలో గడిపిన ఏళ్ళూ, కింద తిన్న వేడి అన్నమూ ఒక్కసారి ఆమె తలలో కలుసుకున్నాయి. నవ్వు ఆగలేదు. పసుపుదీపం వెలుగుతుండగా షెడ్డు పెద్ద నవ్వడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

మేనేజరును పక్కకు పిలిచి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన చెమటలు తుడుచుకుని, ఆ డబ్బాల మాట తనిఖీ ఆయన ముందు అనకమ్మా, పరిసరాల ఉష్ణప్రభావం అని చెప్పు, అదీ అబద్ధం కాదు కదా అన్నాడు. నిజమే, అబద్ధం కాదు. అలాంటి మాటలతోనే కదా ఇంతవరకూ వచ్చింది. మనుషులం భోజనానికి కూర్చుంటాం అని తను ఫోనులో చెప్పింది కూడా అబద్ధం కాదు. కోడలు తనిఖీ ఆయన ముందుకు వెళ్ళి నిటారుగా నిలబడింది.

"మేము రోజూ ఆ బేరింగు మీద అన్నం డబ్బాలు పెట్టి వేడి చేసుకుంటాం సార్. చల్లటి డబ్బాలు పెట్టగానే వేడి తగ్గేది. కవల అది చూసి నేర్చుకుంది. ఇవాళ మీరొస్తున్నారని నేనే డబ్బాలు పెట్టొద్దన్నాను. పెట్టనివ్వడం మా తప్పు, యంత్రం తప్పేం లేదు. కవల ఇంకా డబ్బాల కోసం చూస్తోంది."

లెక్కలమ్మ తెర మీద పాత మధ్యాహ్నాల గీత తెచ్చి చూసింది. మేస్త్రీ మొదటిసారి తెర వైపు చూసి, ఆ గీత వంపు మీద వేలు పెట్టి, ఇది మన అన్నం వేళా అని మెల్లగా అడిగాడు. అవునంది లెక్కలమ్మ. ఇన్ని వారాలుగా వాడి డబ్బాను ఆమె రోజూ చూస్తూనే ఉంది, డబ్బా అని తెలియకుండా. వాడు ఆమె వంపును రోజూ చేస్తూనే ఉన్నాడు, వంపు అని తెలియకుండా.

"చెప్పడం సరే," అన్నాడు తనిఖీ ఆయన. "చూపించగలరా?"

"మీరు అనుమతిస్తే," అంది కోడలు.

"యంత్రం మీది, అన్నం మీది. నాకు కళ్ళున్నాయి."

ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరే తమ డబ్బా తెచ్చి వరసలో పెట్టారు. అలవాటైన చేతులే, కాని ఆ రోజు గుడిలో దీపం పెట్టినంత జాగ్రత్తగా పెట్టారు. కోడలు కూడా సంచీలోంచి అత్తగారు కట్టిన డబ్బా తీసి చివర పెట్టింది. అందరూ తెర ముందు గుమిగూడారు. గీత కదల్లేదు. మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. కోడలు మూసుకోలేదు. ఆమెకు తన కారణం మీద నమ్మకముంది, తొందర మాత్రం లేదు. ఉక్కు చల్లబడడానికి దాని వేళ దానిది.

తరవాత గీత వంగింది. మెల్లగా, తలవంచుకుని నడిచే పెళ్ళికూతురిలా వంగి, కవల గీత పక్కకు వెళ్ళి, దాని మీదే కూర్చుంది. పచ్చదీపం వెలిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేస్త్రీ మాత్రం ముక్కు చీదుకున్నాడు, నూనె వాసన పడలేదన్నాడు. ఏళ్ళ తరబడి పడిన వాసన ఆ రోజే పడలేదట.

తనిఖీ ఆయన బేరింగు దగ్గరికి వెళ్ళాడు. డబ్బాల వరసను చాలాసేపు చూశాడు. మూత తియ్యవచ్చా అని అడిగి, మేస్త్రీ డబ్బా మూత తీశాడు. అందులో కూర నీళ్ళనీళ్ళగా అంచుదాకా ఉంది. చిన్న ఇల్లంత యంత్రం దాని కింద హోరుమని తిరుగుతోంది. ఆ కూర మీద అల లేదు, వణుకు లేదు. అద్దంలా ఉంది. పైకప్పు దీపం అందులో చెక్కుచెదరకుండా కనిపించింది. నిండుకుండ తొణకదంటారు. ఆ రోజు నిండు డబ్బా తొణకలేదు.

"కూరలో నీళ్ళెక్కువ సార్," అన్నాడు మేస్త్రీ సిగ్గుపడుతూ. "మా ఆవిడ చెయ్యే అంత. ఇన్నాళ్ళకి అక్కరకొచ్చాయి."

అప్పుడు ఆ నవ్వు, ముఖం దాకా వచ్చి తిరిగిపోయే ఆ నవ్వు, లోపలికి వచ్చి కూర్చుంది. తనిఖీ ఆయన గట్టిగా నవ్వాడు. పరీక్ష సాయంత్రందాకా నడిపించి, యంత్రం మీద తన ముద్ర వేశాడు, కవలకు మాత్రం వెయ్యలేదు. మా దగ్గర యంత్రం మీద ఎవరూ అన్నం పెట్టరు, దీనికి ఈ ఆకలి మాన్పించి పంపండి, ఓడలో యంత్రం రానివ్వండి, కవల వెనక వస్తుంది అన్నాడు. వెళ్ళబోతూ కోడలితో, కారణం చెప్పలేక ఆపినవాళ్ళను చూశాను, చెప్పకుండా నడిపినవాళ్ళను చూశాను, ఉన్నది ఉన్నట్టు చెప్పి నడిపినవాళ్ళను తక్కువ చూశాను అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పి, ఇప్పుడైనా టీ తాగుతారా అని అడిగింది. తాగాడు.

మేనేజరు మర్నాడు షెడ్డువాళ్ళందరినీ నిలబెట్టి బోర్డు మీది అక్షరాలు పైకి చదివించాడు. అది ఆయన ధర్మం. కోడలు ముందు నిలబడి, పెట్టనిచ్చింది నేనే, ఆ మాట నేనే పడాలి అని, పడింది. అంతా అయ్యాక ఆయనే, మరి అన్నం ఎలా వేడి చేసుకుంటారు అని అడిగాడు. అప్పుడు మేస్త్రీ గోడకు ఒక అల్మారా కట్టాడు. యంత్రం లోంచి వేడి నూనె బయటికొచ్చే గొట్టాన్ని దాని వెనకగా తిప్పాడు. లెక్కలమ్మ దానికి లెక్క కట్టి ఇచ్చింది, ఎంతసేపు పెడితే అన్నం మాడకుండా పొగలు కక్కుతుందో. ఆ అల్మారా ఇప్పటికీ ఉంది. డబ్బాలు దానిలో పెడితే బేరింగుకు తెలియదు, కవలకు తెలియదు, కడుపుకు మాత్రం తెలుస్తుంది.

లెక్కలమ్మ కవలకు ఆకలి మాన్పించడానికి మళ్ళీ కొన్నాళ్ళు పట్టింది. ఈసారి ఆమె ఆ పని షెడ్డులోనే కూర్చుని చేసింది. తన డబ్బా కూడా తెచ్చుకుంది. మొదటిరోజు డబ్బా అల్మారాలో పెడుతూ, ఇదిగో, నా డబ్బాకి కూడా లెక్క కట్టుకోండి అంది. మేస్త్రీ వెంటనే, ఇల్లు నిండింది, చిన్నకోడలు కూడా వచ్చింది అన్నాడు. ఆ పేరు అలా స్థిరపడింది. చిన్నకోడలు వచ్చాక మన కోడలు ఊరికే కోడలు కాదు కదా, పెద్దకోడలైంది. అద్దాల మేడకు తిరిగి పంపే మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు. షెడ్డు ఆమెది. ఇక ఏ కొత్త యంత్రం లేపినా, పైవాళ్ళు ఒక పూట కింద అన్నం తినాలి, కిందివాళ్ళు ఒక పూట పైన తెర చూడాలి అని నియమం పెట్టింది. బోర్డు మీద రాయలేదు, అందుకే ఎవరూ దాని మీద టోపీ తగిలించలేదు.

పరీక్ష అయిన ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్ళి ఖాళీ డబ్బా అత్తగారి చేతిలో పెట్టింది. అత్తగారు మూత తీసి, అడుగు దాకా తుడిచినట్టుండడం చూసి, యంత్రం సంగతి అడగనేలేదు.

"వేడిగా తిన్నావా?"

"తిన్నాను అత్తయ్యా. అందరూ చూస్తుండగా తిన్నాను."

"నేను చెప్పలా," అన్నారు అత్తగారు, ఆ యంత్రాన్ని గట్టెక్కించింది తనే అయినట్టు. ఒక రకంగా కాదని అనలేం.

ఇదీ కథ. ఇప్పుడిది మీ దగ్గరుంది. కంప్రెసర్ అన్న మాట నోరు తిరగకపోతే వదిలెయ్యండి, ఓడ సంగతి మరిచిపోయినా ఫరవాలేదు. కాని మూత తీసిన డబ్బాలో కూర కదలకుండా అద్దంలా ఉందన్న ముక్క, ఆ కోడలు నిటారుగా నిలబడి డబ్బాల మాట డబ్బాల మాటగానే చెప్పిందన్న ముక్క, ఈ రెండూ జారవిడవకండి. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళు ఎవరైనా కనపడితే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ముందు ఏదైనా తినిపించి, ఆ తరవాత చెప్పండి.